పీజీ గదిలో ఎన్‌జిన్‌ఎక్స్: 403 వస్తే 777 జోలికి పోకండి

మా పిన్ని కొడుకు నెల్లూరు నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో ఒక పీజీలో దిగాడు. ఉద్యోగం వెతుక్కుంటూనే వాళ్ల ఊరి గ్రంథాలయంలోని పుస్తకాల పట్టికను తెలుగులో వెబ్‌సైటుగా చేస్తున్నాడు. ఆదివారం వాడి ఉబుంటు ల్యాప్‌టాప్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ (పేజీలను బ్రౌజర్‌కు అందించే ప్రోగ్రాం) అమర్చాం. చేసిన వరుసలోనే చెబుతాను.

ఇన్‌స్టాల్ చేయడానికి ఆప్ట్ (ఉబుంటులో ప్రోగ్రాంలు తెచ్చిపెట్టేది) ఆదేశం ఒక్కటి చాలు. ఆ తర్వాత సైటుకు పేరు పెట్టాలి. పేరు చివర డాట్ టెస్ట్ అని పెట్టండి. పరీక్షల కోసమే 1999లో కేటాయించిన తోక అది, ఎవరూ కొనలేరు. డాట్ డెవ్ వద్దు, బ్రౌజర్లు దాన్ని హెచ్‌టీటీపీఎస్ లేకుండా తెరవవు. ఈటీసీ ఫోల్డర్‌లోని హోస్ట్స్ ఫైలు చివర 127.0.0.1 (అంటే ఈ కంప్యూటరే) అని రాసి, ఖాళీ వదిలి, ఆ పేరు చేర్చండి.

ఇప్పుడు ఎన్‌జిన్‌ఎక్స్ సెట్టింగుల్లోని సైట్స్ అవైలబుల్ ఫోల్డర్‌లో కొత్త ఫైలు తెరిచి సర్వర్ బ్లాకు, అంటే ఈ సైటు వివరాలు, రాయాలి. లిజన్ (ఏ చిరునామా, పోర్టు), సర్వర్ నేమ్ (సైటు పేరు), రూట్ (ఫైళ్లున్న ఫోల్డర్), ఇండెక్స్ (మొదటి పేజీ) అని నాలుగు వరుసలు, ఒక్కో దాని చివర సెమికోలన్. లిజన్ దగ్గర ఉత్త 80 కాకుండా 127.0.0.1:80 అని రాయండి. పీజీలో వైఫై అందరిదీ. సగం చేసిన పని పక్క గదివాళ్లకు తెరుచుకోకూడదు. ఫైలుకు సైట్స్ ఎనేబుల్డ్‌లో లింకు పెట్టి, అక్కడున్న డిఫాల్ట్ లింకు తీసేయండి. ఎన్‌జిన్‌ఎక్స్ హైఫన్ టీ అని కొట్టి తప్పుల్లేవని చూసుకున్నాక రీస్టార్ట్ చేయండి. ఈ ఒక్కసారికి రీలోడ్ (సర్వర్ ఆపకుండా సెట్టింగులు మళ్లీ చదివించడం) సరిపోదు. పాత సర్వర్ 80వ పోర్టును అన్ని చిరునామాల మీదా పట్టుకుని ఉంటుంది కాబట్టి కొత్త లిజన్‌కు చోటు దొరకదు.

పేజీ తెరిస్తే 403, అంటే చూడ్డానికి అనుమతి లేదనే ఎర్రర్, వచ్చింది. వాడు వెంటనే ప్రాజెక్టు ఫోల్డర్‌కు 777 అనుమతి (అందరికీ అన్ని హక్కులూ) ఇవ్వబోయాడు. చేయి పట్టుకుని ఆపాను. ముందు లాగ్, అంటే సర్వర్ రాసుకునే చిట్టా, చదవాలి. ఎర్రర్ లాగ్ చివరి వరుసలో 13, పర్మిషన్ డినైడ్ అని ఉంది. నేమ్ఐ ఆదేశానికి హైఫన్ ఎల్ చేర్చి ఆ ఫైలు దారి ఇచ్చాం. దారిలోని ఒక్కో ఫోల్డర్ అనుమతులు వరుసగా కనిపించాయి. ప్రాజెక్టు ఫోల్డర్ బాగానే ఉంది. అడ్డు పడింది వాడి హోం ఫోల్డర్. ఉబుంటు 21.04 నుంచి హోం ఫోల్డర్‌కు 750 అనుమతే ఉంటుంది, బయటి యూజర్లు లోపలికి రాలేరు. ఎన్‌జిన్‌ఎక్స్ పని చేసేది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డేటా అనే వేరే యూజర్ పేరుతో. వీధి తలుపు గడియ వేసి ఉంటే లోపలి గది తెరిచి ఏం లాభం? 777 ఇచ్చినా ఆ 403 పోయేది కాదు, ఫోల్డర్ మాత్రం ఎవరైనా మార్చగలిగేలా మిగిలేది.

హోం అనుమతిని సడలించడం నాకు ఇష్టం లేదు. వాడి సొంత కాగితాలన్నీ అక్కడే ఉన్నాయి. హోంకు బయట ఉండే ఎస్ఆర్‌వీ ఫోల్డర్ కింద కొత్త ఫోల్డర్ చేసి, దాన్ని వాడి పేరుకు మార్చి, ఫైళ్లు అక్కడికి తరలించాం. ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 ఇచ్చాం, అంటే అందరూ చదవగలరు, మార్చేది యజమాని ఒక్కడే. రూట్ వరుసలో కొత్త దారి రాసి రీలోడ్ చేశాం.

పేజీ వచ్చింది, కానీ తెలుగు ఉండాల్సిన చోట అర్థంలేని లాటిన్ అక్షరాలు. పేజీలో మెటా చార్‌సెట్ (అక్షరాలు ఏ కోడ్‌లో ఉన్నాయో బ్రౌజర్‌కు చెప్పే వరుస) రాయడం వాడు మరిచాడు. అది పెట్టించి, సర్వర్ బ్లాకులోనూ చార్‌సెట్ యూటీఎఫ్-8 అనే వరుస చేర్చాను. మళ్లీ రీలోడ్. బ్రౌజర్ పాత ప్రతినే చూపిస్తుంటే కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మీటలు కలిపి నొక్కండి.