దుబాయ్‌లో ఉద్యోగం వెతుక్కోవడానికి వీసా: దరఖాస్తు విధానం, వెళ్లాక తిండి, ఉద్యోగ వేట

విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లి ఉద్యోగం చూసుకోవచ్చా? చూసుకోవచ్చు, చేయకూడదు. సీవీలు ఇవ్వొచ్చు, ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చు, ఆఫర్ లెటర్ కూడా తీసుకోవచ్చు. వర్క్ పర్మిట్ రాకుండా ఒక్క రోజు పనిచేసినా అది చట్టవిరుద్ధమే, దానికి ‘ట్రయల్’ అని పేరు పెట్టినా సరే. 2024లో యూఏఈ ఈ చట్టాన్ని సవరించి, పర్మిట్ లేనివాళ్లను పనిలో పెట్టుకున్న యజమానికి జరిమానాను పెంచింది: ఇప్పుడు కనీసం లక్ష, గరిష్ఠంగా పది లక్షల దిర్హమ్‌లు. ఇంత జరిమానా ఉన్నా “ముందు చేరిపో, కాగితాలు తర్వాత చూద్దాం” అనే కంపెనీ ఉందంటే, మీకు జీతం ఎగ్గొట్టడానికి కూడా వెనకాడదని అనుకోవచ్చు.

ముందు పాస్‌పోర్ట్ తెరిచి చూడండి

వీసా సంగతి తర్వాత. మీ పాస్‌పోర్ట్‌లో ‘ఈసీఆర్’ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వలస తనిఖీ అవసరం) ముద్ర ఉందేమో చూడండి. పదో తరగతి పాసవ్వని వాళ్లకు మామూలుగా ఇది ఉంటుంది. కొత్త పాస్‌పోర్ట్‌లలో ఏ ముద్రా లేకపోతే ఈసీఎన్ఆర్, అంటే ఆ తనిఖీ అక్కర్లేదని అర్థం. ఈసీఆర్ ఉన్నవాళ్లు యూఏఈతో సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే వలస కార్మికుల వ్యవహారాలు చూసే మన ప్రభుత్వ అధికారి, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ నుంచి క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, దరఖాస్తు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నడుస్తుంది.

విజిట్ వీసాకు ఈ క్లియరెన్స్ అక్కర్లేదు. మన ఊళ్లలో సబ్ ఏజెంట్లు దూరేది ఈ సందులోనే. “విజిట్ మీద పంపిస్తా, అక్కడికెళ్లాక మార్పిస్తా” అంటారు. అలా వెళ్లినవాడికి క్లియరెన్స్‌తో పాటు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా ఉండదు. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు, పైన జీఎస్టీ కడితే 10 లక్షల ప్రమాద బీమా అది. అతని ఒప్పందం మన ప్రభుత్వం దగ్గర రికార్డు కాదు. ఎయిర్‌పోర్ట్‌లో ఇమిగ్రేషన్ అధికారికి అనుమానం వస్తే విమానం ఎక్కకముందే వెనక్కి పంపొచ్చు.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మేస్త్రీ, స్టీల్ ఫిక్సర్, క్లీనర్, హెల్పర్ పనులకు వెళ్లాలనుకునే వాళ్లకు విజిట్ వీసా దారి కాదు. జగిత్యాల నుంచి వెళ్లినా, రాయచోటి నుంచి వెళ్లినా, కోనసీమ నుంచి వెళ్లినా ఇదే మాట. ఈ-మైగ్రేట్‌లో పేరున్న రిజిస్టర్డ్ ఏజెంట్ ద్వారా, లేదా తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థల ద్వారా ఎంప్లాయ్‌మెంట్ వీసా చేతికొచ్చాకే బయల్దేరాలి. రిజిస్టర్డ్ ఏజెంట్ 30 వేల రూపాయలు, జీఎస్టీ మించి వసూలు చేయకూడదు, రసీదు ఇవ్వాలి. ఈసీఆర్ పాస్‌పోర్ట్‌తో ఇళ్లలో పనికి వెళ్లే మహిళలకు 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి.

ఇక ‘ఆజాద్ వీసా’. యూఏఈ చట్టంలో ఆ పేరుతో వీసా లేదు. పేరుకు ఒక కంపెనీ మీద వీసా తీసి, నీ పని నువ్వు ఎక్కడైనా చూసుకో అనడమే అది. దానికి లక్షలు తీసుకుంటారు. పట్టుబడ్డ రోజు కంపెనీ “ఎవరో మాకు తెలియదు” అంటుంది.

డిగ్రీ ఉన్నవాళ్లకు రెండు దారులు

మొదటిది మామూలు టూరిస్ట్ లేదా విజిట్ వీసా. 30 రోజులు, 60 రోజులు అని రెండు రకాలు, సింగిల్ ఎంట్రీ లేదా మల్టిపుల్ ఎంట్రీ. దీనికి మీరు ఎంబసీ చుట్టూ తిరగనక్కర్లేదు. ఎమిరేట్స్, ఫ్లైదుబాయ్, ఎతిహాద్, ఎయిర్ అరేబియా వంటి విమాన సంస్థలు టికెట్‌తో పాటు తీసిస్తాయి. లైసెన్స్ ఉన్న ట్రావెల్ ఏజెన్సీలు, అక్కడి హోటళ్లు కూడా తీస్తాయి. అక్కడ రెసిడెన్సీ (నివాస అనుమతి) ఉన్న బంధువు స్పాన్సర్ చేయొచ్చు.

రెండోది చాలామందికి తెలియదు. 2022 అక్టోబర్‌లో వచ్చిన కొత్త వీసా విధానంలో ఉద్యోగావకాశాలు వెతుక్కోవడానికే ఒక వీసా పెట్టారు. స్పాన్సర్ అక్కర్లేదు. 60, 90, 120 రోజులకు ఇస్తారు, ఒకసారి ప్రవేశానికే చెల్లుతుంది. కనీసం బ్యాచిలర్స్ డిగ్రీ ఉండాలి. దాంతో పాటు మీ వృత్తి అక్కడి కార్మిక శాఖ లెక్కలో మొదటి మూడు నైపుణ్య స్థాయుల్లో, అంటే మేనేజర్లు, ప్రొఫెషనల్స్, టెక్నీషియన్ల వర్గాల్లో ఉండాలి. లేదా ప్రపంచంలోని మొదటి 500 యూనివర్సిటీల్లో ఒకదాని నుంచి కొత్తగా పట్టా పుచ్చుకుని ఉండాలి. సేల్స్, క్లర్క్ ఉద్యోగాలు ఆ మూడు స్థాయుల్లోకి రావు. ఖర్చు రోజులను బట్టి సుమారు 1,500 నుంచి 1,800 దిర్హమ్‌లు, అందులో వెయ్యి పైచిలుకు తిరిగొచ్చే డిపాజిట్.

సివిల్ ఇంజినీరో, అకౌంటెంటో, సాఫ్ట్‌వేర్ వాళ్లో అయితే నేను రెండోదే మంచిదంటాను. 60 రోజుల్లో ఉద్యోగం రావడం అదృష్టం మీద ఆధారపడిన పని. 120 రోజులుంటే రెండో రౌండ్ ఇంటర్వ్యూకు పిలిచేసరికి తిరుగు టికెట్ టెన్షన్ ఉండదు.

దరఖాస్తు ఎలా

విజిట్ వీసాకు కావాల్సినవి కొద్దే. కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్ట్ స్కాన్ (మొదటి పేజీ, చివరి పేజీ), తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో కలర్ ఫొటో, తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ లేదా బంధువుల ఇంటి చిరునామా ఆధారం. స్కాన్ మసగ్గా ఉంటే దరఖాస్తు వెనక్కొస్తుంది. ఫోన్‌తో తీసిన ఫొటో కాకుండా స్కానర్‌లోనే తీయించండి.

పేరు దగ్గర ఒక చిక్కుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒక్క పేరే ఉంటే యూఏఈ ఒప్పుకోదు. 2022 నవంబర్‌లో వచ్చిన నిబంధన ఇది. రెండో పేజీలో తండ్రి పేరు ఉంటే విజిట్ వీసాకు సరిపుచ్చుకుంటారు. ఇంటిపేరు లేని పాస్‌పోర్ట్‌లు మన దగ్గరా ఉన్నాయి. అలాంటి వాళ్లు ముందే దిద్దించుకోవడం మేలు, ఎందుకంటే ఉద్యోగం వచ్చాక రెసిడెన్సీ దగ్గర మళ్లీ అదే ప్రశ్న వస్తుంది.

ఉద్యోగాన్వేషణ వీసాకు వీటితో పాటు అటెస్ట్ చేయించిన డిగ్రీ కావాలి. దరఖాస్తు దుబాయ్‌కి అయితే అక్కడి ఇమిగ్రేషన్ శాఖ జీడీఆర్ఎఫ్ఏ వెబ్‌సైట్‌లో, యూఏఈలోని మిగతా ఎమిరేట్‌లకు (రాష్ట్రాల్లాంటివి) కేంద్ర స్థాయి సంస్థ ఐసీపీ పోర్టల్‌లో పెట్టాలి. అక్కడ మనవాళ్లెవరైనా ఉంటే ఆమెర్ సెంటర్ అనే వీసా సేవా కేంద్రానికి వెళ్లి పెట్టించొచ్చు.

నెలలు తినేది అటెస్టేషనే. ముందు రాష్ట్ర ప్రభుత్వ స్థాయిలో, తర్వాత విదేశాంగ శాఖ దగ్గర, ఆ తర్వాత మన దేశంలోని యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర, చివరికి అక్కడి విదేశాంగ శాఖ ముద్ర. యూనివర్సిటీ ఒరిజినల్ ఇవ్వడానికే తాత్సారం చేస్తే మీ వీసా ప్లాన్ మొత్తం వెనక్కి జరుగుతుంది. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో పని కాదు, కాన్వొకేషన్ పట్టానే కావాలి. వీసా గురించి ఆలోచించకముందే ఈ పని మొదలుపెట్టండి. అది ఎటూ ఉద్యోగం వచ్చాక అడిగేదే.

వీసా పీడీఎఫ్ చేతికొచ్చాక నమ్మేయకండి. పాస్‌పోర్ట్ నంబర్ కొట్టి జీడీఆర్ఎఫ్ఏ లేదా ఐసీపీ వెబ్‌సైట్‌లో చూస్తే అసలుదో నకిలీదో తెలిసిపోతుంది.

సామాన్లలో ఏం పెట్టకూడదు

ఆవకాయ, గోంగూర, పొడులు బాగా ప్యాక్ చేసుకుని వెళ్లండి. గసగసాలు మాత్రం గింజ కూడా వద్దు. యూఏఈలో అవి మత్తుపదార్థాల కింద లెక్క, జైలు దాకా వెళ్తుంది. అమ్మ కొట్టిచ్చిన కోడికూర మసాలాలో గసగసాలు ఉన్నాయేమో అడగండి. తమలపాకులు, పాన్, ఖైనీ కూడా నిషేధం. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులు వాడేవాళ్లు ప్రిస్క్రిప్షన్‌తో పాటు అక్కడి అధికారుల ముందస్తు అనుమతి తీసుకోవాలి.

దిగాక ఇమిగ్రేషన్ దగ్గర అందరినీ అడగరు గానీ, అడిగితే తిరుగు టికెట్, బస ఆధారం, మూడు వేల దిర్హమ్‌లకు తగ్గని డబ్బు చూపించగలగాలి. నగదైనా సరే, కార్డులో బ్యాలెన్సయినా సరే. కొన్నిసార్లు మన దేశంలోనే, విమానం ఎక్కేముందు విమాన సంస్థ కౌంటర్ దగ్గరే ఇవి అడుగుతారు.

బస, తిండి

జేబు పలచగా ఉన్నవాళ్లంతా చేరేది కరామా, బర్ దుబాయ్, డేరా, సత్వా. ఎక్కువమంది బెడ్ స్పేస్ తీసుకుంటారు, అంటే గదిలో ఒక మంచం మాత్రమే మనది. పార్టిషన్లు కొట్టి కిక్కిరిసిన ఫ్లాట్లపై 2025లో మున్సిపాలిటీ తనిఖీలు గట్టిగా జరిగాయి, కాబట్టి అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ ఫ్లాట్‌లో ఎంతమంది ఉంటున్నారో కళ్లతో చూడండి. మెట్రో దగ్గర ఉండేలా చూసుకుంటే నోల్ అనే ప్రయాణ కార్డుతో ఇంటర్వ్యూలన్నీ తిరగొచ్చు. మెట్రోలో మంచినీళ్లు తాగినా, చూయింగ్ గమ్ నమిలినా వంద దిర్హమ్‌ల జరిమానా.

తిండికి కరామాలో లోటు లేదు. ఆంధ్రా భోజనం, హైదరాబాదీ బిర్యానీ, ఉడిపి టిఫిన్లు అన్నీ దొరుకుతాయి. నెలవారీ మెస్‌లు రూమ్‌కే క్యారేజీ పంపిస్తాయి. కానీ ప్రతి పూటా తెలుగు భోజనం కోసమే వెతికితే డబ్బు త్వరగా కరిగిపోతుంది. అక్కడ చవగ్గా బతికించేవి వీధికొకటి ఉండే కెఫెటేరియాలు, చాలావరకు మలయాళీలవి. ఒకటి రెండు దిర్హమ్‌లకు కరక్ చాయ్, ఏలకులు వేసి మరిగించిన చిక్కటి పాల టీ. దాంతో పరోటాలో గుడ్డు చుట్టి ఇస్తారు, ఉదయం గడిచిపోతుంది. ఇరానీ, అఫ్ఘానీ రొట్టెల దుకాణాల్లో తందూరు నుంచి తీసిన ఖుబ్జ్ రొట్టె చేటంత ఉంటుంది. దానికి పప్పో, హమ్ముస్ అనే శనగల ముద్దో తోడైతే రాత్రి భోజనం. శాకాహారులకు ఫలాఫెల్ (శనగ వడలు) చుట్టిన రొట్టె, జాతర్ అనే ఆకుల పొడి చల్లిన మనకీష్ రొట్టె ఉన్నాయి. మనకు కొంచెం చప్పగా అనిపిస్తాయి, బ్యాగులో కారప్పొడి పెట్టుకుంటే ఆ బెంగ లేదు.

అసలు ఎమిరాతీ వంట వేరు. మన బిర్యానీకి దగ్గరి చుట్టంలాంటి మచ్‌బూస్‌లో లూమీ అనే ఎండు నిమ్మకాయ పులుపు తగులుతుంది. హరీస్ తింటే హైదరాబాద్ వాళ్లకు హలీమ్ గుర్తొస్తుంది. గోధుమలు, మాంసం అవే, మసాలా దాదాపు ఉండదు. ఖర్జూర పాకంలో ముంచిన లుఖైమాత్ అనే వేయించిన పిండి ఉండలు వేడివేడిగా తినాలి.

రంజాన్ నెలలో పగలు రెస్టారెంట్లు తెరిచే ఉంటాయి, కానీ రోడ్డు మీద నడుస్తూ తినడం, తాగడం వద్దు. ఉద్యోగం వెతికేవాళ్లకు ఆ నెలకు ఇంకో అర్థం కూడా ఉంది. ఆఫీసు వేళలు తగ్గుతాయి, నియామకాలు నెమ్మదిస్తాయి. జూలై, ఆగస్టు ఎండల్లోనూ అంతే, నిర్ణయాలు తీసుకునేవాళ్లు సెలవుల్లో ఉంటారు. వీసా తేదీలు ఎంచుకునేటప్పుడు క్యాలెండర్ చూసుకోండి.

ఉద్యోగ వేట

దిగగానే స్థానిక సిమ్ తీసుకుని ఆ నంబర్ సీవీ పైన రాయండి. ఇండియా నంబర్‌కు ఎవరూ ఫోన్ చేయరు. వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి గానీ వాట్సాప్ కాల్స్ అక్కడ పనిచేయవు, ఇంటికి మాట్లాడటానికి బోటిమ్ వంటివి వాడతారు. సీవీలో మీరు ఏ వీసా మీద ఉన్నారో, అది ఎప్పటిదాకా ఉందో రాయండి. హెచ్ఆర్ వాళ్లు ముందు చూసేది అదే. నర్సులు, ఫార్మసిస్టులు దుబాయ్ హెల్త్ అథారిటీ లైసెన్స్ ప్రక్రియ ఇండియా నుంచే మొదలుపెట్టి రావాలి. అది లేకుండా ఆసుపత్రులు తిరిగితే చెప్పులు అరగడమే.

వాక్-ఇన్ ప్రకటనల్లో రిజిస్ట్రేషన్ ఫీజు, ఫైల్ ఓపెనింగ్ ఫీజు అని ఎవరైనా అడిగితే లేచి వచ్చేయండి. 2021 నాటి 33వ నంబర్ కార్మిక చట్టం ప్రకారం నియామక ఖర్చు కార్మికుడి నుంచి నేరుగా గానీ, చుట్టుతిప్పి గానీ వసూలు చేయకూడదు. వీసా, మెడికల్, ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) ఖర్చులు యజమానివే. పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకునే హక్కు కూడా యజమానికి లేదు.

ఆఫర్ వచ్చాక

కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇచ్చే కాగితం ఆఫర్ కాదనే అనుకోండి. మానవ వనరులు, ఎమిరటైజేషన్ శాఖ (అదే అక్కడి కార్మిక శాఖ) సిస్టమ్ నుంచి వచ్చే, నంబర్ ఉన్న ఆఫర్ లెటరే లెక్క. అది అరబిక్, ఇంగ్లీషుల్లో ఉంటుంది, హిందీ, ఉర్దూ వంటి మూడో భాషలోనూ అడగొచ్చు. ఆ నంబర్‌ను శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. జెబెల్ అలీ, డీఎంసీసీ లాంటి ఫ్రీ జోన్లలో (సొంత నిబంధనలున్న వ్యాపార ప్రాంతాల్లో) మాత్రం ఆ జోన్ అధికారుల కాగితాలు ఉంటాయి.

సంతకం పెట్టేముందు బేసిక్ ఎంతో చూడండి. మొత్తం జీతం బాగా చూపించి బేసిక్ తగ్గిస్తే, మానేసేటప్పుడు గ్రాట్యుటీ తగ్గుతుంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం లెక్కన ఇస్తారు. ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు.

తర్వాతి వరస ఇలా ఉంటుంది: వర్క్ పర్మిట్ మంజూరు, ఎంప్లాయ్‌మెంట్ ఎంట్రీ పర్మిట్, అప్పటికే యూఏఈలో ఉంటే విజిట్ నుంచి ఉద్యోగ వీసాకు స్టేటస్ మార్పు, రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఎమిరేట్స్ ఐడీకి వేలిముద్రలు, చివరికి రెసిడెన్సీ. 2022 నుంచి పాస్‌పోర్ట్‌లో స్టిక్కర్ వేయడం లేదు, ఎమిరేట్స్ ఐడీయే ఆధారం. ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనిపించినా కొత్తగా వచ్చినవాళ్లకు రెసిడెన్సీ ఆగిపోవచ్చు. ఇంటి దగ్గరే ఒక ఎక్స్‌రే తీయించుకుని బయల్దేరితే, అక్కడిదాకా వెళ్లి భంగపడే పని ఉండదు.

ఉద్యోగం కుదరకపోతే వీసా గడువు ముగియకముందే పొడిగించుకోవాలి, లేదా వచ్చేయాలి. గడువు దాటాక రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా. పోనీలే అని ఖల్లివెల్లిగా, అంటే సరైన కాగితాలు లేకుండా ఉండిపోయినవాళ్లకు 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా యూఏఈ క్షమాభిక్ష ఇచ్చింది. మళ్లీ ఎప్పుడో ఇస్తారని కూర్చోవడం ప్లాన్ కాదు. ఆఫర్ అసలుదో కాదో అనుమానం వచ్చినా, యజమాని పాస్‌పోర్ట్ లాక్కున్నా, జీతం ఇవ్వకపోయినా దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. జీతం ఫిర్యాదులు నేరుగా కార్మిక శాఖకు చెప్పాలంటే 600 590000.