డాబా మీద ఇన్సులేషన్ షీట్ వేయిస్తున్నారా? డెన్సిటీ ఒక్కటే చూసి కొనకండి

బెజవాడలో పై అంతస్తులో ఉండేవాళ్లకు తెలుసు, రోహిణి కార్తెలో రాత్రి పదింటికి కూడా స్లాబు సెగ కక్కుతూనే ఉంటుంది. షీట్ కొనబోతే షాపులో మొదట చెప్పేది ‘హై డెన్సిటీ అండీ’ అనే. డెన్సిటీ, అంటే ఘనపు మీటరుకు ఎన్ని కేజీల బరువో, ముఖ్యంగా గట్టిదనానికి గుర్తు. రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూదిలాంటి పీచు) 48 కేజీలది బదులు 96 కేజీలది వేసినా వేడి ఆపడం రెట్టింపు కాదు.

మీరు అడగాల్సింది కె-వాల్యూ, అంటే ఆ పదార్థం గుండా వేడి ఎంత సులువుగా పోతుందో చెప్పే అంకె. అది ఎంత తక్కువైతే అంత మంచిది. షీటు మందాన్ని మీటర్లలోకి మార్చి కె-వాల్యూతో భాగిస్తే ఆర్-వాల్యూ వస్తుంది, అంటే వేడిని ఎంత ఆపుతుందో; ఇది ఎంత ఎక్కువైతే అంత మంచిది. 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ అనే గట్టి ఫోమ్) షీటు కె-వాల్యూ 0.03 అయితే ఆర్ సుమారు 1.7. ఐదంగుళాల కాంక్రీటు స్లాబుకు 0.1 కూడా రాదు!

శాంపిల్ ముక్క విరిచి చూడండి. పూసలు పూసలుగా రాలితే అది థర్మాకోల్. రాలకుండా ఒకే ముద్దలా విరిగితే ఎక్స్‌పీఎస్. డాబా మీద నడుస్తాం, వడియాలు పెడతాం, వాన నీళ్లు నిలుస్తాయి కాబట్టి నా ఓటు ఎక్స్‌పీఎస్‌కే. డెన్సిటీ 32 నుంచి 35 కేజీలు ఉంటే నడకకు తట్టుకుంటుంది. రాక్‌వూల్ మంటకు అంటుకోదు, కానీ తడిస్తే పనిచేయదు, ఫాల్స్ సీలింగ్ పైన వేసుకోండి.

ఎక్స్‌పీఎస్‌ని ఎండకు వదిలేస్తే పాడవుతుంది. కింద వాటర్‌ప్రూఫింగ్, పైన కాంక్రీటు పూత, ఆ మీద తెల్ల టైల్స్ తప్పనిసరిగా వేయించండి.