ఏఏసీ బ్లాకులతో గోడ కట్టించేముందు బేల్దారితో మాట్లాడాల్సినవి

కర్నూలైనా అనంతపురమైనా కడపైనా, కొత్తగా లేస్తున్న ఇళ్ల దగ్గర ఎర్ర ఇటుకల పక్కనే బూడిదరంగు పెద్ద ఏఏసీ బ్లాకులు కనిపిస్తూనే ఉన్నాయి. వీటితో కట్టిన గోడలు బీటలిస్తాయనీ మేకు నిలవదనీ చెప్పేవాళ్లూ ఉన్నారు. అందులో కొంత నిజమే, కానీ చాలాచోట్ల అసలు కారణం ఏంటంటే ఎర్ర ఇటుకకు అలవాటైన చేత్తోనే వీటినీ కట్టేస్తున్నారు.

ముందు ఇదేంటో తెలుసుకోండి. ఏఏసీ అంటే ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్, ఆవిరిలో ఉడికించిన గుల్ల కాంక్రీటు. థర్మల్ ప్లాంటు బూడిద లేదా మెత్తటి ఇసుక, సున్నం, సిమెంటు, కొంచెం జిప్సం కలిపి అందులో చిటికెడు అల్యూమినియం పొడి వేస్తారు, అది సున్నంతో కలిసి హైడ్రోజన్ పుట్టించేసరికి ముద్దంతా ఇడ్లీ పిండిలా పొంగుతుంది. తర్వాత తీగలతో కోసి, దాదాపు 180 - 190 డిగ్రీల ఆవిరిలో ఒత్తిడి మీద గంటల తరబడి ఉడికిస్తారు. 1920ల్లో స్వీడన్‌లో పుట్టిన పద్ధతి ఇది. ఘనమీటరు బరువు మామూలుగా 550 - 650 కిలోలు, ఎర్ర ఇటుకలో మూడో వంతు అనుకోండి.

పైమట్టి తవ్వే పనిలేదు, బట్టీ కాల్చే పనిలేదు, ఎర్రగుంట్ల దగ్గరి ఆర్టీపీపీ థర్మల్ ప్లాంటు లాంటి చోట్ల పోగయ్యే బూడిదకు ఒక దారి దొరుకుతుంది. అయితే తాడిపత్రి, బేతంచెర్ల పక్క పల్లెల్లో చేతికందే రాయి వదిలేసి ఎక్కడో దూరం నుంచి లారీలో బ్లాకులు తెప్పించుకుంటే పర్యావరణానికి ఒరిగేదేమీ లేదు. నన్నడిగితే పిల్లర్లేసి కట్టే ఇంటికి, అందులోనూ పాత ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకునేవాళ్లకు ఇవి బాగా పనికొస్తాయి, బరువు తగ్గుతుంది కాబట్టి. ఆ పాత పిల్లర్లు, పునాది మోస్తాయో లేదో మాత్రం ఇంజనీరు చూడాల్సిందే, నల్లరేగడి నేలైతే మరీను.

కొనేటప్పుడు సీఎల్‌సీ (సెల్యులార్ లైట్‌వెయిట్ కాంక్రీట్) బ్లాకును ఏఏసీ అని అంటగడతారేమో చూసుకోండి. అది నురుగు కలిపి పోసేది, ఆవిరిలో ఉడికించరు, ఎక్కువ కుంచించుకుంటుంది. బిల్లు మీద ఈ బ్లాకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2185 మూడో భాగం అని రాయించుకోండి, సీఎల్‌సీది నాలుగో భాగం. 600 × 200 మిల్లీమీటర్ల ముఖం ఉన్న బ్లాకులైతే 100 చదరపు అడుగుల గోడకు సుమారు 77 పడతాయి, విరిగేవాటికి ఇంకో నాలుగైదు కలుపుకోండి. దించగానే పట్టా కప్పండి, వానలో నానిన బ్లాకు గోడలోకెక్కాక ఆరుతూ కుంచించుకుంటుంది, బీటలు మొదలయ్యేది అక్కడే.

బేస్‌మెంటు మట్టం కిందికి వీటిని దించొద్దు, అక్కడ తడి తగులుతుంది కాబట్టి రాయే మేలు. 2009 వరదల్లో కర్నూలు పాతబస్తీని నీళ్లు ముంచెత్తింది చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. మొదటి వరస మాత్రం మామూలు సిమెంటు మాలు మీద, రసమట్టం పెట్టి పక్కాగా కూర్చోబెట్టాలి. అది వంకరపోతే పైన సర్దుకోవడానికి చోటుండదు, ఎందుకంటే రెండో వరస నుంచి వాడేది సంచుల్లో వచ్చే జాయింటింగ్ మోర్టార్, దాని మందం 3 మిల్లీమీటర్లే. ఇటుకల్లాగా తొట్టిలో నానబెట్టొద్దు, దుమ్ము తుడిచి, సంచి మీద చెప్పి ఉంటేనే కాస్త తడి చల్లితే చాలు. కట్టిన గోడకు రోజూ పైపుతో నీళ్లు కొట్టే అలవాటు కూడా మానిపించండి. బేల్దారి ఒప్పుకోడు, నీళ్లు పెట్టకపోతే గోడ ఎలా గట్టిపడుతుందంటాడు, ఓపిగ్గా చెప్పాలి.

కిటికీ అడుగున ఒకటి, లింటెల్ దగ్గర ఒకటి, సన్నటి కాంక్రీటు బ్యాండు కమ్ములతో పోయించండి, నాలుగంగుళాల గోడైతే ఇది తప్పనిసరి. పై బీముకు ఆనించి బిగించేయకుండా వేలు మందం సందు వదిలి, కొన్నాళ్లాగి పూడ్చాలి. పిల్లరూ బ్లాకూ కలిసే చోట ప్లాస్టరింగ్‌కు ముందు జాలీ కొట్టించండి. ప్లాస్టరింగ్ మాలు 1:6 (ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక) చాలు, సిమెంటు ఎక్కువైతే బలం అనుకుంటారు గానీ మెత్తటి బ్లాకు మీద గట్టి పూత పగులుతుంది.

కరెంటు పైపులకు సుత్తీ ఉలీ వాడనివ్వకండి, కట్టర్‌తో గాడి కోయాలి, లోతు గోడ మందంలో మూడో వంతు దాటకూడదు. అల్మారాల్లో కడప బండలు వేస్తారు కదా, వాటి బరువు గోడ మీద వేలాడదీయకుండా నిలువు బండల మీదకు దించండి. గీజరు, ఏసీ లాంటివాటికి గోడ దాటి అవతల ప్లేటు వేసే బోల్టులు నమ్మకం, చిన్నవాటికి ఏఏసీకని అమ్మే పొడుగు నైలాన్ ప్లగ్గులున్నాయి.

ఇంకోమాట, ఇల్లు చల్లగా ఉంటుందని వీటికి డబ్బు పెడుతుంటే మిద్దె సంగతి కూడా చూడండి. గోడ ఎండను ఆపినా మేనెలలో ఒక్క అంతస్తు ఇంటికి వేడి ఎక్కువగా దిగేది స్లాబులోంచే, పైన సున్నమో తెల్ల కూల్‌రూఫ్ పెయింటో లేకపోతే తేడా అంతగా తెలీదు. విరిగిన బ్లాకు ముక్కలు పారేయకండి, బాత్రూం పల్లం స్లాబు నింపడానికి వాడొచ్చు, ముందు అడుగున వాటర్‌ప్రూఫింగ్ చేయించాకే.