బైబిల్లోని ఎజ్రా, నెహెమ్యా పుస్తకాలు తికమక లేకుండా చదవాలంటే ఏ ఆర్డర్‌లో చదవాలి

చాలామంది ఎజ్రా మొదలుపెట్టి నాలుగో అధ్యాయానికి రాగానే ఈ రాజు ఎక్కడినుంచి వచ్చాడ్రా బాబూ అని వదిలేస్తారు. చిక్కంతా టైమ్‌లైన్‌దే. అందుకే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: క్రీ.పూ. 586 బబులోను సైన్యం యెరూషలేము దేవాలయాన్ని కాల్చేసింది, 538 పర్షియా రాజు కోరెషు యూదుల్ని వెళ్ళి గుడి కట్టుకోమన్నాడు, 515 గుడి పూర్తయింది, 458లో ఎజ్రా, 445లో నెహెమ్యా యెరూషలేముకు వచ్చారు.

ఇప్పుడు ఎజ్రా 1 నుంచి 4:5 దాకా ఒక్క ఊపున చదివేయండి, 3వ అధ్యాయం చివర మాత్రం ఆగండి, పునాది వేస్తుంటే పాత గుడిని కళ్ళారా చూసిన ముసలివాళ్ళు బోరున ఏడుస్తున్నారు, మిగతావాళ్ళు సంతోషంతో కేకలేస్తున్నారు, ఏది ఏడుపో ఏది కేకో తెలియలేదట. ఆ తర్వాత 4:6-23 పక్కన పెట్టేయండి, అవి చాలా ఏళ్ళ తర్వాతి ఉత్తరాలు. నేరుగా 4:24కి వెళ్తే గుడి పని పర్షియా రాజు దర్యావేషు రెండో ఏడు దాకా, అంటే 520 దాకా ఆగిపోయిందని ఉంటుంది. అక్కడ హగ్గయి ప్రవక్త పుస్తకం తీయండి, రెండే అధ్యాయాలు. నా మందిరం పాడైపోయి ఉంటే మీకు మంచి ఇళ్ళు కావాలా అని దేవుడు నిలదీస్తాడు, ఆ నెలలోనే జనం మళ్ళీ పనిలోకి దిగారు. అప్పుడు ఎజ్రా 5-10.

నెహెమ్యా మొదలుపెట్టేముందు ఆ పక్కన పెట్టిన ఉత్తరాలు చదవండి. యెరూషలేము కట్టడాన్ని ఆపించింది పర్షియా రాజు అర్తహషస్తే, నెహెమ్యా మళ్ళీ కట్టడానికి పర్మిషన్ అడగాల్సింది కూడా ఆయన్నే, అందుకే 2వ అధ్యాయంలో అంత భయపడ్డాడని నాకనిపిస్తుంది.

నెహెమ్యా 3వ అధ్యాయం పేర్లే కదా అని దాటేయొద్దు ప్లీజ్. కంసాలులు, అత్తర్లు చేసేవాళ్ళు, షల్లూము అనే అధికారి కూతుళ్ళు కూడా యెరూషలేము గోడ కట్టారు, తెకోవ ఊరి పెద్దమనుషులు మాత్రం పనికి వంగలేదు. గోడ 52 రోజుల్లో అయిపోయింది గానీ అంతకన్నా ముఖ్యం 5వ అధ్యాయం, తిండి కోసం పొలాలు తాకట్టు పెట్టి పిల్లల్ని బానిసలుగా ఇచ్చుకున్న పేదల గోడు అది, నెహెమ్యా పెద్దల్ని నిలదీసి ఆ పొలాలు, ఇళ్ళు తిరిగి ఇప్పించాడు. ఇది చదివాకే 8వ అధ్యాయానికి వెళ్ళండి, నీటి గుమ్మం ముందు ఆడా మగా అందరూ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం విన్నారు, గుడి సేవ చేసే లేవీయులు అర్థం విడమర్చి చెప్పారు, జనం ఏడ్చేశారు, అప్పుడు నెహెమ్యా, ఎజ్రా, లేవీయులు ఏడవకండి, వెళ్ళి తిని తాగి లేనివాళ్ళకి పంపండి అన్నారు.

నెహెమ్యా 13తో పాటు మలాకీ ప్రవక్త పుస్తకం కూడా చదవండి, దశమభాగాలు (పంటలో పదోవంతు కానుక) ఇవ్వకపోవడం లాంటి గొడవలే రెండిట్లోనూ కనిపిస్తాయి.