అమెరికా పౌరసత్వం: దరఖాస్తుకు ముందు రోజుల లెక్క

అమెరికా పౌరసత్వానికి ఎన్-400 దరఖాస్తు పెట్టదలచినవారు మొదట చూడవలసింది గ్రీన్ కార్డు మీద ‘రెసిడెంట్ సిన్స్’ అన్నచోట ఉన్న తేదీని. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద పదేళ్లకు పైగా ఉద్యోగం చేసి, పన్నులు కట్టి, ఇల్లు కొనుక్కున్నా, ఆ తేదీకి ముందు గడిపిన కాలంలో ఒక్క రోజు కూడా లెక్కలోకి రాదు. గ్రీన్ కార్డు కోసమే ఏళ్ల తరబడి వరుసలో నిలబడిన మనవాళ్లకు ఇది అన్యాయంగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఆ తేదీ నుంచి సాధారణంగా 5 సంవత్సరాల నిరంతర నివాసం ఉండాలి. కనీసం 3 సంవత్సరాలుగా అమెరికా పౌరులుగా ఉన్న జీవిత భాగస్వామితో ఆ కాలమంతా కలిసి కాపురం చేస్తున్నవారికి 3 సంవత్సరాలు చాలు. ఈ గడువులో కనీసం సగం, అంటే 30 లేదా 18 నెలలు, స్వయంగా అమెరికా గడ్డ మీద గడిపి ఉండాలి. బయలుదేరిన రోజునూ తిరిగివచ్చిన రోజునూ అక్కడ ఉన్నట్టే లెక్కిస్తారు కాబట్టి, పాస్‌పోర్టు ముద్రలు ముందు పెట్టుకొని ప్రతి ప్రయాణాన్నీ తేదీలతో రాసుకోవడం మంచిది.

చిక్కంతా దీర్ఘ ప్రయాణాలతోనే. ఒకే విడతలో 6 నెలలు దాటి, ఏడాదికి లోపు బయట ఉంటే నివాసం తెగినట్టు భావిస్తారు. ఉద్యోగం, అద్దె ఒప్పందం, అక్కడే ఉన్న కుటుంబం, పన్ను రిటర్నులు చూపి అది తెగలేదని నిరూపించుకునే భారం దరఖాస్తుదారుదే. పిల్లల ద్వారా గ్రీన్ కార్డు పొంది, పొలం పనులకో పెళ్లిళ్లకో ఊరికి వచ్చి ఎనిమిది నెలలు ఉండిపోయే తల్లిదండ్రులు ఈ నిబంధన దగ్గరే ఇబ్బంది పడతారు. ఏడాది లేదా అంతకు మించి ఉంటే, కొన్ని ప్రత్యేక ఉద్యోగాలకున్న ముందస్తు అనుమతి తప్ప, నివాసం తెగిపోయినట్టే. రీఎంట్రీ పర్మిట్ ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. అది తిరిగి రావడానికి పనికివస్తుందే గాని, ఈ తెగిన కాలాన్ని అతికించదు. అలాంటివారు 5 సంవత్సరాల నిబంధన కింద, తిరిగి వచ్చాక 4 సంవత్సరాల 1 రోజు గడిచిన తర్వాతే మళ్లీ దరఖాస్తు చేయగలరు. అప్పుడు కూడా ఆ పాత ప్రయాణం గురించి సంజాయిషీ చెప్పుకోవలసి రావచ్చు కనుక, 4 సంవత్సరాల 6 నెలలు ఆగడం మేలు.

గడువు పూర్తికావడానికి 90 రోజుల ముందే దరఖాస్తు పంపవచ్చు. అయితే ఈ వెసులుబాటు 30 లేదా 18 నెలల లెక్కకు వర్తించదు; అది దరఖాస్తు చేసేనాటికే పూర్తయి ఉండాలి. తాము ఉంటున్న రాష్ట్రంలో 3 నెలల నివాసం మాత్రం, ఇలా ముందే పంపినవారికి ఇంటర్వ్యూ నాటికి పూర్తయితే చాలు. ఆ తర్వాత పట్టే సమయం స్థానిక కార్యాలయాన్ని బట్టి మారుతుంది. ఇంటర్వ్యూ, ఇంగ్లీషు, పౌరశాస్త్ర పరీక్షలు ముగిసి ప్రమాణం చేసేదాకా నివాస నియమం వర్తిస్తూనే ఉంటుంది కాబట్టి, ఈ మధ్యలో సుదీర్ఘ ప్రయాణాలు పెట్టుకోకూడదు.

భారత్ ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు. ప్రమాణం చేసిన తర్వాత భారత పాస్‌పోర్టుతో ప్రయాణించకుండా, దాన్ని అప్పగించి, పౌరసత్వ త్యాగ పత్రం తీసుకొని, ఆపైన, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసుకోవాలి.