ఉత్పత్తి భద్రతపై వార్త రాస్తే పరువు నష్టం నోటీసు వచ్చిందా? ఎదుర్కొనే పద్ధతి

బెంగళూరులో కృష్ణరాజపురం, మారతహళ్లి వైపు ఉండే తెలుగు కుటుంబాల కోసం మేము కొందరం కలిసి ఒక చిన్న మాసపత్రిక నడుపుతున్నాము. కొన్నేళ్ల క్రితం ఒక ప్రెషర్ కుక్కర్ గురించి మేము వేసిన వార్తకు దాని తయారీ సంస్థ కోటి రూపాయల పరువు నష్టం నోటీసు పంపింది. వేడి మితిమీరినప్పుడు కరిగి ఆవిరిని వదలవలసిన సేఫ్టీ వాల్వు కరగకపోవడంతో మూత ఎగిరి ఒక గృహిణి చేయి కాలింది. ఆ వార్తలోని ప్రతి వాక్యానికీ మా దగ్గర కాగితం ఉంది, శీర్షికకు మాత్రం లేదు. ఒక్క కుక్కరును చూసి, ఆ సంస్థ చేసే కుక్కర్లన్నిటినీ వంటింటి బాంబులని శీర్షికలో అన్నాము. చివరికి శీర్షికను సవరించి, వార్తలో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోకుండా బయటపడ్డాము. ఆ అనుభవంలోనూ, ఆ తరువాత న్యాయవాదుల దగ్గర కూర్చుని నేర్చుకున్నదానిలోనూ చిన్న పత్రికల వారికి, వీడియోలు చేసేవారికి పనికివచ్చేదంతా ఇక్కడ రాస్తున్నాను. నోటీసు చేతికి వచ్చాక ఇది చదివి ఊరుకోకుండా తప్పనిసరిగా న్యాయవాదిని కలవండి.

దావాకు జవాబు వార్త రాసే రోజే తయారు కావాలి. సివిల్ దావాలో నిజమే పూర్తి రక్షణ, కానీ అది నిజమని నిరూపించవలసిన భారం రాసినవారి మీద ఉంటుంది. అందువల్ల రాసే ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది నేను చూసిన నమూనా గురించా, ఆ బ్యాచ్ గురించా, మొత్తం సంస్థ గురించా అని ప్రశ్నించుకోవాలి. ఒక నమూనాను పరీక్షిస్తే ఆ నమూనా గురించే రాయాలి. కొన్న తేదీ, బిల్లు, బ్యాచ్ నంబరు, కొన్న దుకాణం, సీలు వేసిన తీరు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందన్న వివరం, అన్నీ ఒక పుస్తకంలో అదే రోజు రాసి పెట్టుకోవాలి. వస్తువు మీద ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని కింది లైసెన్సు నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసి, ఆ తెరను ఫొటో తీసి దాచుకోవాలి.

ల్యాబ్ ఎంపికలో చేసిన పొరపాటును తరువాత ఏ న్యాయవాదీ సరిదిద్దలేరు. 2015 జూన్‌లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ మ్యాగీ నూడుల్స్‌ను మార్కెట్ నుంచి తీయించినప్పుడు, ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పరీక్షలు చేసిన ల్యాబులకు చట్టప్రకారం ఉండవలసిన గుర్తింపు లేకపోవడం, సంస్థ వాదన వినకపోవడం అందుకు ముఖ్య కారణాలు. ప్రభుత్వ సంస్థకే ఆ పరిస్థితి ఎదురైనప్పుడు, వీధి చివరి ల్యాబ్ ఇచ్చిన ఒక కాగితంతో మనం నిలబడలేము. ల్యాబుకు ఎన్ఏబీఎల్ (పరీక్షా ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని మాత్రమే కాక, మనం చేయించే ఆ పరీక్షకు గుర్తింపు ఉందా అని కూడా అడగాలి. 2003 ఆగస్టులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ శీతల పానీయాల్లో పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని ప్రకటించినప్పుడు కంపెనీలు తీవ్రంగా ఎదురుదాడి చేశాయి, అయినా 2004లో సంయుక్త పార్లమెంటరీ సంఘం ఆ ఫలితాలనే సమర్థించింది.

వీడియోలో ప్రమాదాన్ని చూపించాలనుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. 1992లో అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్, జనరల్ మోటార్స్ ట్రక్కు ఢీకొంటే మంట అంటుకుంటుందని చూపడానికి చెప్పకుండా నిప్పు రాజేసే పరికరాలు అమర్చింది. 1993 ఫిబ్రవరిలో సంస్థ దావా వేయగానే ప్రసారంలోనే క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ట్రక్కులో అసలు లోపం ఉందా లేదా అన్న ప్రశ్న ఆ ఒక్క పనితో మరుగున పడిపోయింది. అందుకే, కెమెరా ముందు చేసే పరీక్షలో మనం కలిపినది, మార్చినది ఏదైనా ఉంటే దాన్ని అదే వీడియోలో చెప్పి తీరాలి.

మాటల విషయంలో తెలుగులో రాసేవారికి ఇంకొక చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. దావా బెంగళూరు కోర్టులో పడితే మన వార్తకు ఇంగ్లీషు అనువాదం దాఖలవుతుంది, ఆ అనువాదాన్ని తయారు చేయించేది వాదే. తెలుగులో మనం మాటవరుసగా 'విషం' అంటాము, 'కల్తీ సరుకు' అంటాము, అవి ఇంగ్లీషులోకి వెళ్లేసరికి నేరారోపణలుగా మారతాయి. ఆహార భద్రతా చట్టంలో నాసిరకం ఆహారం, తప్పుడు లేబుల్ వేసిన ఆహారం, సురక్షితం కాని ఆహారం అనేవి మూడు వేర్వేరు విషయాలు. మొదటిదానికి ఐదు లక్షల రూపాయల వరకు, రెండోదానికి మూడు లక్షల వరకు జరిమానా ఉండగా, మూడోదానికి జైలు శిక్ష కూడా ఉంది. మందుల చట్టంలోనూ తప్పుడు లేబుల్, కల్తీ, నకిలీ అన్న మాటలకు వేర్వేరు సెక్షన్లు ఉన్నాయి. ల్యాబ్ నివేదికలో నాసిరకం అని ఉంటే మన వార్తలోనూ నాసిరకం అనే ఉండాలి, దానికంటే ఒక మెట్టు పైన ఉన్న మాట వాడకూడదు. అంకెలు దొరికినప్పుడు విశేషణాలు అక్కరలేదు. 2025 అక్టోబరులో కాంచీపురం జిల్లాలో తయారైన కోల్డ్రిఫ్ దగ్గు మందు నమూనాలో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపూరిత రసాయనం ఉందని తమిళనాడు ఔషధ నియంత్రణ శాఖ తేల్చింది, అనుమతించిన పరిమితి 0.1 శాతం. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెడితే పాఠకుడికి అంతా అర్థమవుతుంది. నోటీసు వచ్చిన వెంటనే, వాది చేయించిన అనువాదం మీద ఆధారపడకుండా, మీ వార్తకు నమ్మకమైన అనువాదాన్ని మీరే చేయించుకోండి.

ప్రచురించే ముందు సంస్థకు నిర్దిష్టమైన ప్రశ్నలు ఈమెయిలులోనూ, స్పీడ్ పోస్టులోనూ పంపి, జవాబుకు రెండు మూడు రోజులైనా గడువు ఇవ్వాలి. జవాబు వస్తే దాన్ని వార్తలో తగినంత చోటిచ్చి వేయాలి, రాకపోతే అడిగిన తేదీ రాయాలి. సద్భావంతో రాశామని చెప్పుకోవడానికి దీనికి మించిన ఆధారం లేదు. ప్రభుత్వం దగ్గర ఉన్న తనిఖీ ఫలితాల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసి ఉంటుంది. ప్రజా రికార్డుల ఆధారంగా చేసే ప్రచురణకు, చెన్నై పత్రిక నక్కీరన్ కేసుగా పేరుపడిన 1994 నాటి సుప్రీంకోర్టు తీర్పు గట్టి బలం.

ఇక నోటీసు వచ్చిన రోజు సంగతి. లీగల్ నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు, అందులో రాసిన కోటి, పది కోట్ల అంకెను కోర్టు నిర్ణయించలేదు. భయపడి వార్తను తీసివేయవద్దు, కోపంతో నోటీసును పదిమందిలో పెట్టి వ్యాఖ్యానించనూ వద్దు. 2023 ఏప్రిల్‌లో బోర్న్‌విటాలోని చక్కెర గురించి వీడియో చేసిన రేవంత్ హిమత్‌సింగ్కా నోటీసు అందాక వీడియోను తొలగించి క్షమాపణ చెప్పారు. అయినా అదే ఏడాది చివరికి ఆ సంస్థ చక్కెరను తగ్గించింది. ఒంటరిగా ఉన్న మనిషికి ఆ భయం ఎంత బరువో నాకు తెలుసు కనుక ఆయనను తప్పుపట్టను. అయితే ఆ స్థితిలో ఉన్నవారు కనీసం రెండు రోజులు ఆగి, పత్రాలన్నీ ఒకచోట చేర్చి, న్యాయవాదికి చూపించాకే నిర్ణయం తీసుకోవాలి. ఫోన్లలోని సంభాషణలు, ఫొటోలు ఏవీ చెరపవద్దు. వాటిని కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి కాబట్టి అసలు పరికరాన్ని భద్రపరచండి. జవాబు చిన్నదిగా ఉండాలి. వార్తలో నిజంగా తప్పు ఉంటే ఆ తప్పును పేర్కొని సవరించాలి, మిగతాదానికి కట్టుబడి ఉన్నామని స్పష్టంగా చెప్పాలి.

అదే వారంలో కేవియట్ దాఖలు చేయించండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఏ కింద వేసే ఈ పత్రం 90 రోజులు చెల్లుతుంది, ఆ లోగా మన మాట వినకుండా ఏకపక్షంగా ఇంజంక్షన్ (ప్రచురణను ఆపే ఉత్తర్వు) ఇవ్వకుండా ఇది కాపాడుతుంది. బెంగళూరులో కెంపేగౌడ రోడ్డు మీది సిటీ సివిల్ కోర్టుతో పాటు, సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరిలో కూడా వేయడం మంచిది. అదే కోడ్ సెక్షన్ 19 ప్రకారం నష్టం జరిగిన చోటనైనా, ప్రతివాది నివసించే చోటనైనా దావా వేయవచ్చు గనుక, వారు దూరపు ఊరిని ఎంచుకునే అవకాశం ఉంటుంది.

అయినా ఏకపక్ష ఉత్తర్వు వస్తే దాన్ని పాటించాలి, పాటిస్తూనే అదే కోడ్ ఆర్డర్ 39 రూల్ 4 కింద రద్దు కోరాలి. ఏకపక్షంగా ఇంజంక్షన్ ఇచ్చిన రోజు నుంచి 30 రోజుల్లో, వాది పెట్టిన ఆ ఇంజంక్షన్ దరఖాస్తును తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలని రూల్ 3ఏ చెబుతోంది. ఇక్కడ చేతిలో ఉండవలసిన తీర్పు 2024 మార్చి 22 నాటి బ్లూమ్‌బర్గ్, జీ ఎంటర్‌టైన్‌మెంట్ కేసు. పూర్తి విచారణకు ముందే వార్తను ఆపే ఉత్తర్వులు అసాధారణమైన సందర్భాల్లో తప్ప ఇవ్వకూడదని, యాంత్రికంగా ఇస్తే అది వార్తకు మరణశిక్షతో సమానమవుతుందని సుప్రీంకోర్టు అందులో హెచ్చరించింది. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు, ఒక ప్రోటీన్ పొడి తయారీ సంస్థ వీడియోలు చేసినవారిపై కోరిన మధ్యంతర ఇంజంక్షన్‌ను నిరాకరించింది. వారి మాటలకు ల్యాబ్ నివేదికల ఆధారం ఉండటమే అందుకు ముఖ్య కారణం. దావాకు మన రాతపూర్వక జవాబును, సమన్లు అందిన 30 రోజుల్లో వేయాలి, కోర్టు అనుమతిస్తే 90 రోజుల వరకు వీలుంటుంది.

క్రిమినల్ ఫిర్యాదు వేరు. పరువు నష్టం నేరానికి 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 అమలులో ఉంది, గరిష్ఠ శిక్ష రెండేళ్ల సాధారణ జైలు. ఇది బెయిలు ఇవ్వదగిన నేరం, పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయలేరు. ఇక్కడ నిజం ఒక్కటే చాలదు, అది ప్రజాహితం కోసం ప్రచురించినదై ఉండాలి. ఉత్పత్తి భద్రతపై వార్తకు ఆ రెండో షరతు సాధారణంగా కష్టం కాదు. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 223 ప్రకారం కేసును స్వీకరించే ముందే మేజిస్ట్రేటు నిందితుడి వాదన వినాలి, ఆ అవకాశాన్ని వదులుకోవద్దు. దూరపు ఊరిలో ఫిర్యాదు పెట్టితే వ్యక్తిగత హాజరు నుంచి మినహాయింపు కోరవచ్చు, కేసు కొట్టివేయమని అదే చట్టం సెక్షన్ 528 కింద హైకోర్టుకూ వెళ్లవచ్చు.

రాజీ ప్రస్తావన వస్తే సవరణకు, క్షమాపణకు, ఉపసంహరణకు మధ్య తేడా చూసి సంతకం చేయండి. ఇకమీదట ఆ సంస్థ గురించి ఏమీ రాయబోమన్న షరతును మాత్రం ఒప్పుకోవద్దు, రేపు ఇంకొకరి చేయి కాలితే మన నోరు కట్టేసి ఉంటుంది. సివిల్ దావాకు ప్రచురణ నుంచి ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు గడువు. అప్పటిదాకా వస్తువును, బిల్లును, మిగిలిన నమూనాను పారవేయవద్దు. మా కుక్కరు గుడ్డసంచిలో, సీలుతో, ఆ వాల్వు అలాగే ఉండగా మూడేళ్లు మా ఇంటి బీరువాలోనే ఉంది.