మాంద్యం కాలంలో పైచదువుకు వెళ్లడం ఎలా?

ఉద్యోగాలు కరువైనప్పుడు కాలేజీలు నిండుతాయి. 2008 సంక్షోభం తర్వాత అమెరికాలో కాలేజీ విద్యార్థుల సంఖ్య 2010 నాటికి దాదాపు 2.1 కోట్లకు చేరింది. పరిస్థితి కుదుటపడుతున్నకొద్దీ తగ్గుతూ వచ్చింది. జీతమే లేనప్పుడు చదువుకోసం వదులుకునేది తక్కువ కదా. అయితే అదే సమయంలో సీట్లకు పోటీ పెరుగుతుంది, ప్రభుత్వ నిధులు తగ్గిన చోట ఫీజులూ పెరుగుతాయి. అందుకే ఏ కోర్సు అన్నది తేల్చుకునేముందు డబ్బు లెక్క తేలాలి.

1. అసలు ఖర్చు వేరు, చేతిలో ఉండాల్సిన డబ్బు వేరు

చాలామంది ఈ రెండింటినీ కలిపేసి తప్పు నిర్ణయానికి వస్తారు. ఒక ఉదాహరణ చూడండి. ఏ దేశపు డబ్బయినా పద్ధతి ఇదే. ఫీజు 4,00,000, కోర్సు 24 నెలలు, ఇప్పుడు చేతికొచ్చే జీతం నెలకు 40,000, ఇంటిఖర్చు 25,000 అనుకుందాం.

ఉద్యోగం మానేసి చేరితే అసలు ఖర్చు: ఫీజు 4,00,000, వదులుకున్న జీతం 9,60,000, మొత్తం 13,60,000. ఇంటిఖర్చు ఇందులో కలపకూడదు. చదివినా చదవకపోయినా అది ఉండేదే. చదువు పూర్తయ్యాక జీతం 55,000 అవుతుందనుకుంటే, నెలకు అదనంగా వచ్చే 15,000తో ఈ ఖర్చు రాబట్టుకోవడానికి ఏడున్నరేళ్లు పడుతుంది. అదే ఉద్యోగం ఇప్పటికే పోయి, కొత్తది దొరకడానికి ఎలాగూ 8 నెలలు పట్టేలా ఉంటే, మీరు వదులుకునేది 16 నెలల జీతమే. ఖర్చు 10,40,000కు దిగుతుంది, రాబట్టుకునే కాలం ఆరేళ్లలోపుకు వస్తుంది. అంటే ఒకే కోర్సు ఉద్యోగం పోయినవారికి లాభంగానూ, ఉద్యోగం ఉన్నవారికి భారంగానూ ఉండొచ్చు.

ఇక చేతిలో ఉండాల్సిన డబ్బు: ఫీజు 4,00,000, రెండేళ్ల ఇంటిఖర్చు 6,00,000, కోర్సు అయ్యాక ఉద్యోగం వెతుక్కునే 6 నెలలకు 1,50,000. మొత్తం 11,50,000. పొదుపు, స్కాలర్‌షిప్, పార్ట్‌టైమ్ ఆదాయం, అప్పు అన్నీ కలిపి ఇది పూడాలి. చివరి 1,50,000ను మర్చిపోయేవాళ్లే ఎక్కువ. పట్టా చేతికొచ్చిన నెలలోనే డబ్బు అయిపోయి, దొరికిన మొదటి ఉద్యోగానికి తలొగ్గాల్సి వచ్చేది వాళ్లకే.

2. చేరే నెల కాదు, బయటికొచ్చే నెల చూడండి

మాంద్యం ముగియగానే ఉద్యోగాలు తిరిగిరావు. అమెరికాలో పైన చెప్పిన 2008 సంక్షోభం నాటి మాంద్యం 2007 డిసెంబరులో మొదలై 2009 జూన్‌లో ముగిసింది. నిరుద్యోగం మాత్రం ఆ తర్వాత, 2009 అక్టోబరులో, 10 శాతానికి చేరింది. 2012 సెప్టెంబరులో గానీ 8 శాతం కిందికి దిగలేదు. 2008 మధ్యలో ఏడాది కోర్సులో చేరినవాళ్లు సరిగ్గా గడ్డుకాలంలో బయటికొచ్చారన్నమాట. దీనికి భిన్నంగా 2020 మాంద్యం అక్కడ రెండు నెలల్లోనే ముగిసింది. ముందుగా ఊహించడం ఎవరివల్లా కాదు కాబట్టి, వెసులుబాటున్న కోర్సు వెతకండి: ఏడాది తర్వాత డిప్లొమాతో ఆగే వీలుందా, ఒక సెమిస్టర్ విరామం తీసుకోవచ్చా, చేరిక వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారా? జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి.

3. కాలేజీని నిలదీసి అడగండి

గుర్తింపు ఉందో లేదో కాలేజీ కరపత్రంలో కాదు, గుర్తింపునిచ్చే సంస్థ జాబితాలో చూడాలి. మీ కోర్సుకూ, మీరు చదివే క్యాంపస్‌కూ ఆ గుర్తింపు వర్తిస్తుందా అన్నది విడిగా చూసుకోండి.

ప్లేస్‌మెంట్ 95 శాతం అంటే, ఎంతమందిలో 95 శాతం? పాసైన అందరిలోనా, ప్లేస్‌మెంట్‌కు పేరిచ్చినవాళ్లలోనా? సగటు జీతం అడగొద్దు. ఒకరిద్దరి భారీ ప్యాకేజీలు దాన్ని పైకి లాగేస్తాయి. జీతాలను వరుసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉండేది ఎంతో అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా 2009లోనో 2020లోనో చదువు ముగించినవాళ్ల అంకెలు చూపించమనండి. మంచిరోజుల అంకెలు మీకు పనికిరావు.

కాలేజీయే మూతపడితే? ఇది ఉత్త భయం కాదు. అమెరికాలో 130కి పైగా క్యాంపస్‌లున్న ఐటీటీ టెక్ అనే ప్రైవేటు కాలేజీల సంస్థ 2016 సెప్టెంబరులో ఒక్కసారిగా తలుపులు మూసేసింది. ఏడాది ఫీజంతా ముందే కడితే రాయితీ ఇస్తామన్నా, సెమిస్టర్‌వారీగా కట్టడమే మేలు. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారో, ఏ తేదీలోపు అడగాలో చదివాకే సంతకం పెట్టండి.

4. అప్పు తీసుకోవాల్సి వస్తే

4,00,000 అప్పు, 10 శాతం వడ్డీ, మొత్తం మొదటి రోజే విడుదలైందనుకోండి. చదివినంతకాలం ఏమీ కట్టకుండా ఉంటే, బారువడ్డీ లెక్కనే రెండేళ్లకు 80,000 అవుతుంది. దాన్ని అసలులో కలిపి 5 ఏళ్ల వాయిదాలు వేస్తే నెలకు దాదాపు 10,200. అదే చదువుతుండగా నెలనెలా వడ్డీ 3,333 కట్టుకుంటూ వస్తే వాయిదా 8,500 దగ్గరే ఉంటుంది. వడ్డీ నిలకడగా ఉండేదా, మారేదా అడగండి. మారేదైతే 2 శాతం పెరిగినా కట్టగలరా లెక్కేయండి. వాయిదా మీ ఇప్పటి జీతంలో ఐదోవంతు దాటకుండా చూసుకోవడం మంచిది. రాబోయే జీతాన్ని నమ్ముకుని లెక్కేయకండి. తల్లిదండ్రులు రిటైర్మెంట్ డబ్బు పెట్టి హామీ ఉంటామంటే, మీరు కట్టలేని రోజున అది పోతుందని ముందే చెప్పండి.

5. ఉద్యోగం ఉంటే పట్టుకుని చదవండి

చదువు భారాన్ని క్రెడిట్లలో కొలుస్తారు. యూరప్ పద్ధతిలో పూర్తికాలపు చదువుకు ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల చదువు. అందులో సగం, అంటే 30 క్రెడిట్లు తీసుకున్నా ఏడాదికి 750 నుంచి 900 గంటలు. 40 వారాల్లో సర్దుకుంటే వారానికి దాదాపు 19 నుంచి 23 గంటలు. పని, ఇల్లు, చదువు మూడూ కలిసి మొదటి సెమిస్టర్‌లోనే చాలామందిని చిత్తు చేస్తాయి. కాబట్టి మొదట ఒకటి రెండు సబ్జెక్టులే తీసుకోండి. మీ కంపెనీ ఫీజు కడతానంటే, చదువయ్యాక ఎన్నేళ్లు పనిచేయాలో, మధ్యలో వాళ్లే తీసేస్తే ఆ డబ్బు తిరిగి కట్టాలో లేదో ఒప్పందంలో చూడండి. కోతల కాలంలో ఈ రెండో షరతు మరీ ముఖ్యం.

6. చదువయ్యాక వచ్చే మొదటి జీతం

మాంద్యంలో బయటికొచ్చినవాళ్ల జీతాలు మొదట్లో తక్కువే ఉంటాయి. కెనడాలో డిగ్రీ చదివినవాళ్ల సమాచారంతో చేసిన ఒక అధ్యయనంలో ఈ నష్టం తొలినాళ్లలో దాదాపు 9 శాతం. పూడడానికి పదేళ్ల దాకా పట్టింది. త్వరగా కోలుకున్నవాళ్లు మెరుగైన సంస్థలకు మారినవాళ్లే. కాబట్టి జీతం తక్కువైనా నేర్చుకున్నది వాడే ఉద్యోగమైతే తీసుకోండి. సుదీర్ఘ బాండు మీద మాత్రం సంతకం పెట్టకండి. మార్కెట్ కోలుకున్నప్పుడు మారడానికి అదే అడ్డుపడుతుంది.